మంగ కోసం వేసిన బొమ్మ

విశాఖపట్నంలోని ఒక చిత్రకళా కాలేజీలో అప్పలస్వామి మాస్టారు ఎవరి పనినీ బాగుంది అనరు, బాగాలేదనీ అనరు. బొమ్మ ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతారు. ఆయన మౌనానికి తట్టుకోలేక విద్యార్థి తనంతట తానే వివరించడం మొదలుపెడతాడు. వివరణ మొదలైన చోట మాస్టారు మెల్లగా పక్క బొమ్మ దగ్గరికి జరిగిపోతారు. ప్రశ్న అడిగినవాళ్ళకీ ఆయన సూటిగా జవాబు చెప్పిన సందర్భాలు తక్కువ. ఎవరికో జరిగిన సంగతి ఒకటి చెప్పి, కళ్ళజోడు తుడుచుకుని లేచిపోతారు. అందుకే ఆయన్ని ప్రశ్న అడగడానికి పిల్లలు కొంచెం జంకుతారు.

గ్రాఫిక్ డిజైన్ చివరి సంవత్సరం చదువుతున్న తన్మయి ఒక మధ్యాహ్నం ఆ జంకు వదిలేసి అడిగింది. కంప్యూటర్ల గదిలో కరెంటు పోయింది. అందరూ గాలి కోసం వరండాలోకి వచ్చి కూర్చున్నారు. మాస్టారు చివరి మెట్టు మీద ఒక్కరే ఉన్నారు.

"మాస్టారూ, నా ప్రాజెక్టు కదలడం లేదండి. చేపల వేటకెళ్ళి తిరిగిరాని వాళ్ళ భార్యల మీద పోస్టర్లు చేద్దామనుకున్నాను. జాలరిపేట వెళ్ళాను, వాళ్ళతో మాట్లాడాను, ఫోటోలు తీసుకున్నాను. తీరా వచ్చి చూసుకుంటే అన్నీ మామూలుగా ఉన్నాయి. నెట్‌లో ఎన్నెన్ని పోస్టర్లు చూశానో చెప్పలేను. ఏమీ తట్టడం లేదు. ఈ స్ఫూర్తి అనేది ఎక్కడి నుంచి వస్తుందండి? అందరికీ వస్తోంది, నాకే ఎందుకు రావడం లేదు?"

మాస్టారు ఆమె ఫోను అడిగి తీసుకుని ఫోటో చూశారు. ఒక నడివయసు స్త్రీ పెచ్చులూడిన గోడకి ఆనుకుని, ఎదురుగా ఉన్నవాళ్ళని చూస్తున్నట్టు సూటిగా చూస్తోంది. "ఈవిడ పేరేంటమ్మా?" అన్నారు.

"పోలమ్మ అనుకుంటానండి."

మాస్టారు ఫోను తిరిగి ఇచ్చేశారు. "గిరిధర్ అని నీకంటే ముందు చదివినవాడు ఒకడున్నాడు. తునివాడు. వాడి సంగతి చెబుతాను, విను" అన్నారు. ఆయన ఆ మధ్యాహ్నం చెప్పింది ఇది.

గిరిధర్ తన తరగతిలో అందరికంటే మెరికలాంటివాడు. చేయి మంచిది, కన్ను ఇంకా మంచిది. పొగరులేనివాడు కూడా. సెలవులకి తుని వెళితే వీధిలో ఎవరి ఇంట్లో పెళ్ళయినా శుభలేఖ వాడే వేసిచ్చేవాడు. వాళ్ళ పక్కింట్లో సూరీడమ్మ అనే ఆవిడ ఉండేది. భర్త లేడు. విస్తళ్ళు కుట్టి హోటళ్ళకి వేసేది. ఆవిడకి ఒక్కతే కూతురు మంగ. వయసు పాతికకి దగ్గరపడింది గాని మనసు నాలుగేళ్ళ పిల్లదే. మాటలు కూడా నాలుగే వచ్చు. అమ్మ, అన్నం, పిట్ట, ఇంకా గిరి. చిన్నప్పుడు గంజి ఒలికి ఎడమ చెంప మీద పెద్ద మచ్చ పడింది. ఆ పక్క కన్ను కొద్దిగా మెల్ల. గిరిధర్ చిన్నతనంలో మంగకి పలక మీద పిట్టల బొమ్మలు గీసి చూపించేవాడు. వాడి బొమ్మలని మొదట మెచ్చుకున్న మనిషి ఆ పిల్లే.

కాకినాడలో ఒక డాక్టరు మంచి మందులిస్తున్నాడని ఎవరో చెబితే సూరీడమ్మ కూతుర్ని తీసుకువెళ్ళింది. తిరిగి వస్తూ సామర్లకోటలో తుని బండి కోసం ఆగారు. పిల్ల దాహమని సైగ చేస్తే బెంచీ మీద కూర్చోబెట్టి కుళాయి దగ్గరికి వెళ్ళింది. సీసా నింపుకుని వచ్చేసరికి బెంచీ ఖాళీగా ఉంది. అవతలి ప్లాట్‌ఫారం మీది నుంచి ఒక బండి వెళ్ళిపోతోంది. ఆ బండి ఎక్కిందో, స్టేషను దాటి ఊళ్ళోకి వెళ్ళిందో చూసినవాళ్ళు లేరు. సూరీడమ్మ ఆ సీసా పట్టుకుని ప్లాట్‌ఫారం ఈ కొస నుంచి ఆ కొసకి పరిగెత్తుతూనే ఉందట. రైల్వే పోలీసులు ఫిర్యాదు రాసుకున్నారు. వెతుకుతామన్నారు.

కబురు తెలిసి గిరిధర్ కాలేజీ నుంచి తుని వెళ్ళాడు. సూరీడమ్మ దగ్గర ఉన్నది ఒకే ఒక్క ఫోటో. ఎవరి పెళ్ళిలోనో ఫోనుతో తీసింది. వెలుతురు మొహం మీద కొట్టి మచ్చ తెల్లగా మెరుస్తోంది. కన్ను పక్కకి పోయింది. నోరు తెరుచుకుని ఉంది. వీధి చివర జెరాక్సు కొట్టతను ఆ ఫోటోనే పెద్దది చేసి, కింద ఫోను నంబరు వేసి కాగితాలు తీసిస్తానన్నాడు. డబ్బులు కూడా వద్దన్నాడు. గిరిధర్ ఆ ఫోటో చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"ఇలాంటి కాగితాలు ప్రతి స్టేషన్లోనూ గోడనిండా ఉంటాయి పిన్నీ. ఒక్కళ్ళు ఆగి చూడరు. చూసినా మొహం తిప్పుకుంటారు. నేను చేస్తాను. దారినపోయేవాళ్ళు ఆగి చూసేలా చేస్తాను" అన్నాడు.

"నీకు తెలిసినట్టు చెయ్యి బాబూ. ఆ మచ్చ మటుకు కనపడేలా పెట్టు. దాన్నిబట్టే కదా ఎవరైనా పోల్చుకునేది."

"అలాగే పిన్నీ. మర్చిపోను."

వాడు విశాఖపట్నం వచ్చి గది తలుపు వేసుకున్నాడు. భోజనానికి కూడా సరిగ్గా రాలేదని తోటివాళ్ళు చెప్పేవారు. మొదట ఫోటోనే పెట్టి చూశాడు. నచ్చలేదు. ఆ పిల్లని అంతమంది ముందు అలా నోరు తెరుచుకుని నిలబెట్టడం వాడికి అవమానంగా తోచింది. తనకి తెలిసిన మంగ అది కాదనిపించింది. పలక మీది పిట్టని చూసి చప్పట్లు కొట్టే మంగ కళ్ళముందు కదిలింది. అప్పుడు చేయి దానంతటదే నడిచింది. కాగితం నిండా లేత నీలం. ఆ నీలంలోకి కరిగిపోతున్నట్టు సగం మొహం. కన్నులో మెల్ల లేదు, అది ఎక్కడో దూరాన్ని చూస్తోంది. మచ్చ ఉన్నచోట రెక్కలు విప్పుకుని ఒక తెల్లపిట్ట చెంప మీది నుంచి ఎగిరిపోతోంది. పైన సొంతంగా మలిచిన అక్షరాలతో 'మంగ ఎక్కడ?' అని ఉంది. ఫోను నంబరు పెద్దగా పెడితే ఆ ఖాళీ చెడిపోతుందని అడుగున సన్నగా వేశాడు. పని పూర్తయ్యాక కంప్యూటరు ముందు బల్ల మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడట. అలాంటి బొమ్మ వాడు అంతకుముందు వేయలేదు.

ప్రింట్లు తీయించి తుని తీసుకువెళ్ళాడు. సూరీడమ్మ అరచెయ్యి చీరకి తుడుచుకుని కాగితాన్ని మెల్లగా నిమిరింది. "ఇది మన మంగేనా బాబూ?" అంది.

"మంగే పిన్నీ."

ఆవిడ మళ్ళీ అడగలేదు. పెద్ద చదువు చదువుతున్నవాడు, తన కూతుర్ని అక్కా అని పిలిచినవాడు, వాడికి తెలియదా అనుకుంది. గిరిధర్, వాడి స్నేహితులు కలిసి అనకాపల్లి నుంచి ఏలూరు దాకా స్టేషన్లలో అడిగి అంటించారు. ఒకటి మిగిలితే తెచ్చి కాలేజీ గోడకి పెట్టారు. అప్పుడే మాస్టారు దాన్ని చూశారు. అప్పటికే మిగతావన్నీ గోడల మీదికి వెళ్ళిపోయాయి. మాస్టారు బొమ్మ ముందు నిలబడి, "ఇందులో ఆ పిల్ల ఎక్కడుందిరా?" అన్నారు. గిరిధర్ మొహం విప్పారింది. "అదేనండి మాస్టారూ, చూసేవాళ్ళు అలాగే వెతుక్కోవాలి" అన్నాడు.

బొమ్మ ఫోటో తీసి ఎవరో వాట్సాప్‌లో పెట్టారు. ఊళ్ళు దాటి వెళ్ళింది. కాలేజీ ప్రదర్శనలో పెడితే హైదరాబాదు నుంచి వచ్చిన న్యాయనిర్ణేత దాని ముందు నుంచి కదల్లేదు. మొదటి బహుమతి దానికే ఇచ్చారు. వేదిక మీద గిరిధర్ తనకి బహుమతి అక్కర్లేదని, మంగ దొరికితే చాలని చెప్పాడు. సభలో చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. వాడు నటించలేదు. ఆ మాట నిజంగానే అన్నాడు.

తునిలో సూరీడమ్మ ఫోను మోగడం మొదలైంది. మోగిన ప్రతిసారీ కుడుతున్న విస్తరి కింద పడేసి పరిగెత్తేది. "అమ్మా, ఆ మంగ పోస్టరు మీదేనా? అది వేసినాయన నంబరు ఇస్తారా? మా అమ్మాయి పెళ్ళి కార్డు అలా వేయించుకుందామని" అనేవారు. ఇంకొకరు స్కూలు బోర్డు కోసం అడిగారు. మరొకరు బొమ్మ చాలా బాగుందని చెప్పి, ఇంతకీ మంగ దొరికిందా అని కూడా అడగకుండానే పెట్టేశారు. ఆవిడ అందరికీ ఓపికగా గిరిధర్ నంబరు చెప్పించేది, పక్కింటి పిల్లల్ని పిలిచి. తనకి వచ్చేవన్నీ ఇలాంటి పిలుపులేనని వాడితో మాత్రం చాలా రోజులు చెప్పలేదు. చదువుకునే పిల్లాడి మనసు పాడవుతుందని.

వానలు పడ్డాయి. సూరీడమ్మ రోజూ పొద్దున్నే తుని స్టేషనుకి వెళ్ళి, వచ్చే బండ్లూ పోయే బండ్లూ చూసి, పనికి వచ్చేది. ఒకనాడు అలా వెళుతూంటే టికెట్ల కిటికీ పక్కన పోలీసుల నోటీసు బోర్డు మీద కొత్త కాగితం కనిపించింది. కనిపించిందంటే, ఆవిడ బోర్డుకి దగ్గరగా కూడా లేదు. మధ్యలో టికెట్లకి నిలబడ్డ జనం ఉన్నారు. ఆ భుజాల సందుల్లోంచి చూసి ఉన్నచోటే కూలబడింది. ఆవిడకి చదువు రాదు. దాని మీద 'గుర్తు తెలియని యువతి మృతదేహం' అని రాసుందని పక్కవాళ్ళు చదివితే తెలిసింది. ఫోటో నల్లగా, అలుక్కుపోయినట్టు ఉంది. అయినా మచ్చ ఉంది. తెరుచుకున్న నోరు ఉంది. "మా మంగండి, మా మంగండి" అని కనపడ్డవాళ్ళందరికీ చెప్పిందట, ఏదో దొరికిన మనిషి గురించి చెప్పినట్టు.

గిరిధర్ వచ్చి ఆవిడని వెంటబెట్టుకుని నిడదవోలు వెళ్ళాడు. జ్వరంతో పడి ఉన్న పిల్లని ప్లాట్‌ఫారం మీది నుంచి ఆసుపత్రిలో చేర్చారట. రెండోనాడే పోయింది. ఎవరూ రాకపోయేసరికి పోలీసులే పూడ్పించారు. ఆ చోటు చూపించారు. కొత్త మట్టి వానకి అణిగిపోయి పక్క నేలతో కలిసిపోయింది. సూరీడమ్మ అక్కడ ఏడవలేదు. పిల్ల ఇక్కడ బతికున్నన్నాళ్ళూ ఎక్కడ కూర్చుందో చూడాలని ఉందంది.

స్టేషన్లో టీ కొట్టు నడిపే బుల్లెమ్మ అనే ఆవిడ చూపించింది. కొట్టు పక్కన గోడకి ఆనుకుని చిన్న అరుగుంది. అరుగుకి పైన గోడ మీద లేత నీలం బొమ్మ ఉంది. అన్ని వానలకీ అంచులు కూడా చెదరలేదు. మంచి కాగితం వాడాడు.

"ఇక్కడే కూర్చునేదండి. పొద్దున్నే నేను కొట్టు తీసేసరికి వచ్చేసేది. బన్ను, టీ ఇచ్చేదాన్ని. పేరేంటే అంటే పిట్ట అనేది. అదే పేరనుకుని పిట్టా పిట్టా అని పిలిచేదాన్నండి" అంది బుల్లెమ్మ.

గిరిధర్ గోడ వైపు తిరిగి, "ఈ బొమ్మ మీరు చూడలేదా?" అన్నాడు.

"చూడకపోవడమేంటండీ? రోజూ చూసేదాన్ని. దీని మీద ఎవరో సబ్బు కాగితం అంటించబోతే నేనే పోట్లాడి ఆపాను. ఇంత అందమైన బొమ్మ మీద అంటిస్తారేంటని. ఏదో సినిమాదనుకున్నానండి. 'మంగ ఎక్కడ' అంటే సినిమా పేరే కదండీ." బుల్లెమ్మ వాళ్ళిద్దరి మొహాలూ చూసింది. "ఆ పిల్లకీ ఇదంటే ఇష్టమండి. అరుగెక్కి నిలబడి ఆ తెల్లపిట్ట మీద వేలు పెట్టేది. గిరి, గిరి అని నవ్వేది. గిరి అంటే ఏంటో నాకు తెలిసింది కాదు."

సూరీడమ్మ బొమ్మకి దగ్గరగా వెళ్ళి నిలబడింది. చాలాసేపు చూసింది. అప్పుడు వెనక్కి తిరక్కుండానే, "బాబూ, మచ్చ పెట్టమన్నాను కదా, ఎక్కడ పెట్టావు?" అంది. ఆ గొంతులో కోపం లేదు. తనకి కళ్ళు సరిగ్గా ఆనడం లేదేమో అన్నట్టుంది.

గిరిధర్ చేయి ఎత్తి పిట్టని చూపించాడు.

"అదా" అందావిడ. "నేను పిట్ట అనుకున్నాను బాబూ."

ఇద్దరూ సాయంత్రం బండికి తుని వచ్చేశారు. దారిలో గిరిధర్‌కి ఆవిడే నీళ్ళు పట్టి ఇచ్చిందట. ఆ తర్వాత వాడు కాలేజీకి ఒక్కసారే వచ్చాడు. మాస్టారి గదిలోకి వచ్చి నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. "నేను ఏడుస్తూ వేశానండి మాస్టారూ. నిజంగా ఏడుస్తూ వేశాను" అన్నాడు. చివరి పరీక్ష రాయలేదు. వాళ్ళ నాన్నతోపాటు తునిలో ఎరువుల కొట్లో కూర్చుంటున్నాడని విన్నారు. బొమ్మలు వేస్తున్నట్టు ఎవరూ చెప్పలేదు. వాడు వేసిన ఆ బొమ్మ మాత్రం ఇంకా ఫోన్లలో తిరుగుతూనే ఉంది. వేసినవాడి పేరు ఊడిపోయింది, అడుగున ఉన్న నంబరు ఊడలేదు. సూరీడమ్మ ఫోనుకి ఇప్పటికీ అప్పుడప్పుడు పెళ్ళి కార్డుల కోసం పిలుపులు వస్తాయి. నంబరు మార్చెయ్యమని ఇరుగుపొరుగు ఎంత చెప్పినా ఆవిడ మార్చదు.

మాస్టారు అక్కడితో ఆపారు. గదిలో కరెంటు వచ్చినట్టుంది, ఫ్యాన్లు తిరుగుతున్న చప్పుడు వినపడింది. పిల్లలు ఒక్కొక్కరే లేచి లోపలికి వెళ్ళారు. తన్మయి లేవలేదు. చేతిలోని ఫోను ఎప్పుడో ఆరిపోయింది. ఆమె దాన్ని వెలిగించలేదు.

"పాపం" అంది. "అతనికి మరి సరైన ఆలోచన తట్టక..." అని మాట పూర్తి చేయలేకపోయింది. తాను అడిగిన ప్రశ్న ఇంకా అక్కడే ఉందని గుర్తొచ్చినట్టు, "స్ఫూర్తి గురించి ఏమీ చెప్పలేదు మాస్టారూ" అంది.

మాస్టారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. మెట్టు మీద చెయ్యి ఆనించి నెమ్మదిగా లేచారు.

"అప్పుడు వాడికి స్ఫూర్తి బాగానే వచ్చిందమ్మా" అన్నారు.